గాలిగొట్టంలో గుడ్డలు

జూలై నెలలో, గొర్రెలు కూడా నీడ వెతుక్కునే ఎండలో, మా కొండల్లోని స్యెనిత్సా నుంచి నోవీ పజార్ పట్నం వెళ్ళే బస్సులో మా తోడికోడలు జుమ్రెత లేచి నిలబడి కిటికీలన్నీ మూయించింది. బస్సు నిండా జనం. జున్ను డబ్బాలు, చెమట, ఎవరి ఒళ్ళోనో పసిపిల్ల కక్కిన పాలు. డ్రైవరు తన పక్క కిటికీ కాస్త తెరిచి పెట్టుకుంటే, "నీకు తల్లి లేదా నాయనా? మెడ పట్టేసి చస్తావు" అంది. వాడు గబుక్కున మూసేశాడు. అంత మందిలో ఒక్కరు నోరెత్తితే ఒట్టు. ఇద్దరు మాత్రం సంచుల్లో తలలు దూర్చి, ఎవరికీ ఇబ్బంది కలగకుండా, మర్యాదగా వాంతి చేసుకున్నారు. మూడోదాన్ని నేను.

ఈ కథ ఆ మనిషిది. ఆవిడ గొప్పదేం కాదు. నాలుగు ఆవులు, ముప్పై గొర్రెలు, ఒక మొగుడు, ఒక కొడుకు. జున్ను బాగా చేస్తుంది, ఆ మాట కాదనను. మిగతా బతుకంతా గాలి మీద యుద్ధం చేసింది. ఎదురెదురుగా రెండు సందులు తెరుచుకుంటే మధ్యలోంచి పారే గాలిని మా వాళ్ళు ప్రొమాయా అంటారు. మా పెష్టెర్ కొండల మీద ఎవరూ గుండె ఆగి చావరు, కాన్సర్‌తో చావరు. అందరూ ప్రొమాయా తగిలే చస్తారు. నడుం పట్టినా ప్రొమాయా, పన్ను పుచ్చినా ప్రొమాయా, మొగుడు పక్కింటావిడ వంక చూసినా తలకి గాలి తగిలిందనే అంటారు. వినీ వినీ నాకు చెవుల్లో పుండ్లు పడ్డాయి.

నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చింది నవంబరులో. నేను వెళ్ళేసరికే కిటికీల సందులన్నిటికీ పిండి ఉడకబెట్టిన జిగురుతో పాత పేపర్లు అంటించేశారు. ఏప్రిల్ దాకా ఊడదీయరు. మా అత్తగారు షాహా ఆ పనికి పెద్ద మేస్త్రి. ఆ కాగితాల వెనక ఆరు నెలల వాసన ఊరుతుంది. ఉల్లిపాయ, తడి మేజోళ్ళు, గొర్రె కొవ్వు, కాఫీ గసి, మామగారి పొగాకు. మొదటివారం నేను తిన్నది కడుపులో నిలవలేదు. కొత్తకోడలికి అప్పుడే నెల తప్పిందని వీధంతా సంబరపడింది. నెలా లేదు, తప్పడమూ లేదు. నాకు రోత పుట్టింది, అంతే.

కాలం మారింది. అత్తగారు, మామగారు పోయారు. మా ఆయనా నేనూ అదే పెరట్లో వేరే ఇల్లు కట్టుకున్నాం. పెద్ద ఇంట్లో జుమ్రెత, మా బావగారు రాగిప్, వాళ్ళ కొడుకు ఎదిబ్ మిగిలారు. ఎదిబ్ నోవీ పజార్‌లో జీన్స్ ప్యాంట్లు కుట్టే కార్ఖానాలో చేరాడు, పెళ్ళి చేసుకున్నాడు, కట్టెలు కొట్టడం చిన్నతనం అనిపించింది. ఇంటికి ప్లాస్టిక్ కిటికీలు బిగించాడు. పాత ఇనప పొయ్యి తీసి దొడ్లో పారేసి గుళికల పొయ్యి తెచ్చాడు. రంపపొట్టును అదిమి, చిటికెన వేలి ముక్కంత గుళికలు చేసి బస్తాల్లో అమ్ముతారు చూడండి, వాటితో మండేది. బస్తా పైన పోస్తే కింద గిన్నెలోకి గలగలా రాలుతూ అదే మండుతుంది, అదే ఆగుతుంది.

దాన్ని బిగించడానికి ముర్సెల్ అనే వాడు వచ్చాడు. పొట్ట, మీసం, చెవి మీద పెన్సిలు. పొగ పోవడానికి ఒక కన్నం పెట్టాడు, ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత కింద గోడకి ఇంకో కన్నం మొదలుపెట్టాడు. జుమ్రెత వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"అదెందుకు?"

"గాలికక్కా. పొయ్యికి గాలి బయటి నుంచి రావాలి. ఇంతకుముందు మీ పాత కిటికీల సందుల్లోంచి వచ్చేది. ఇప్పుడు ఇల్లు సీసాకి బిరడా పెట్టినట్టుంది. ఇది లోపలి గాలి తాగేస్తే మీరేం పీలుస్తారు?"

"బయట మైనస్ ముప్పై ఉంటుంది. ఆ గాలిని పిలిచి ఇంట్లో కూర్చోబెడతావా?"

"ఇంట్లోకి రాదక్కా. గొట్టంలోంచి నేరుగా పొయ్యిలోకి పోతుంది."

"గోడలెందుకు కట్టుకుంటారురా? గాలి రాకుండానా, వచ్చేలాగానా? నీ పెళ్ళాం అడగలేదా ఎప్పుడూ?"

ముర్సెల్ నవ్వాడు. కన్నం పెట్టేశాడు. లావుపాటి ఇనప గొట్టం గోడలోంచి పొయ్యి వెనక్కి బిగించి, బయటి మూతికి వల తొడిగాడు. అంతవరకు వాడి పని వాడు చేశాడు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని పల్చటి పిండి పొరల్లో మాంసం కూరి కాల్చిన పిట రెండు పళ్ళేలు లాగించాడు, పెరుగు గ్లాసు నాకేశాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని లేస్తూ, జుమ్రెత మొహం ఇంకా ముడుచుకునే ఉండటం చూసి, "మరీ చలనిపిస్తే ఒక చిన్న గుడ్డ పెట్టుకో అక్కా, కొంచెమే, ఏం కాదు" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. "ఇప్పుడేగా దానికి గాలి కావాలన్నావు?" అన్నాను.

"కావాలి వదినా. కానీ ఆడవాళ్ళ మనసు కూడా చూడాలి కదా" అని కన్ను గీటాడు. నిజం తెలుసు, చెప్పాడు కూడా. ఒక ఆడది మొహం ముడుచుకోగానే మింగేశాడు. మళ్ళీ పిలిపించి తిడుతుందని భయం, అంతకు మించి ఏం లేదు.

డిసెంబరు చివర్లో చలి విరుచుకుపడింది. ఉమ్మితే నేల మీద పడేలోపు గడ్డకట్టే చలి. గొట్టంలోంచి వచ్చే గాలికి, ఇంట్లో ఉన్న గొట్టం ముక్క మీద కూడా వేలు మందాన మంచు పేరుకుంది. పొయ్యి వేడికి ఆ మంచు కరిగి బొట్లు బొట్లుగా కారింది. జుమ్రెత దాని కింద ఇత్తడి బేసిన్ పెట్టింది. వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించింది.

"చూడండి, నా కొడుకు కొన్న దయ్యం. చీమిడి ఎలా కారుస్తోందో చూడండి."

దానికి మందు పెద్ద విషయం కాదు. లోపలున్న గొట్టానికి చుట్టూ కంబళి చుట్టాలి, బయట వల మీద పేరుకున్న మంచు రోజూ దులపాలి. ముర్సెల్ ఫోన్లో చెప్పాడు. ఎదిబ్ విన్నాడు. "ఆదివారం చేస్తాను పిన్నీ" అన్నాడు. ఎన్ని ఆదివారాలు పోయాయో. ఆదివారం వస్తే వాడు ఫోన్ చూసుకుంటూ సోఫాలో పడుకునేవాడు, వాళ్ళ నాన్న ఇంకో సోఫాలో. ఇద్దరు మగాళ్ళు, నాలుగు కాళ్ళు, ఒక్క పని లేదు. గొట్టానికి చుట్టూ చుట్టాల్సిన ఉన్నిని జుమ్రెత గొట్టం లోపల కుక్కింది.

మొదట కుక్కింది మా బావగారి మేజోడు. పొయ్యి తలుపుకున్న అద్దం నల్లబడటం చూసి నాకు అనుమానం వచ్చింది. బయటికెళ్ళి వల తీసి లాగాను. ఎండుచేపలా బిగుసుకుపోయి వచ్చింది. ఆ చలిలో దేనికీ వాసన ఉండదంటారు, ఆ మేజోడుకి ఉంది. గొట్టం తెరవగానే లోపల మంట భగ్గున లేచింది. సాయంత్రానికి మళ్ళీ నల్లబడింది. ఈసారి పాత బనీను. తర్వాత గొర్రెతోలు ముక్క. తర్వాత ఏదో ఉన్ని ఉండ, దాంట్లో చచ్చి గడ్డకట్టిన చిట్టెలుక ఇరుక్కుని ఉంది. దాన్ని తెచ్చి జుమ్రెత వంటింటి బల్ల మీద పెట్టాను.

"నీ పొయ్యి ఇది పీలుస్తోందక్కా. చూసుకో."

ఆవిడ చూసింది. ఉన్ని జాగ్రత్తగా విడదీసి, ఎలుకని తోక పట్టి చెత్తలో వేసింది. ఉన్నిని దాచుకుంది.

"పాడైపోలేదు, ఉతికితే సరి" అంది.

"మళ్ళీ పెట్టావంటే ఆ ఉన్ని నీ నోట్లో కుక్కుతాను."

"కుక్కవే. నా ఇంట్లోకి గాలి రానివ్వను. నీ ఇంట్లో నువ్వు కిటికీ తెరుచుకుని పడుకుంటావు, అందుకేగా నీ మొగుడికి ఏడాదంతా దగ్గు."

"ఆయన సిగరెట్లు తాగుతాడు."

"సిగరెట్ ఏం చేస్తుంది? మా నాన్న ఎనభై ఏళ్ళు తాగాడు."

మా బావగారు సోఫాలోంచి తల కూడా తిప్పకుండా, "వదిలెయ్ అమ్మాయ్. దానికది ఊరట. ఎందుకో నీకు తెలుసు కదా" అన్నాడు.

తెలుసు. ఆ ఇంట్లో నా మొదటి చలికాలం అది. జుమ్రెతకి అప్పుడు ఎదిబ్ పుట్టలేదు, సాఫెత్ అని ఎనిమిది నెలల కొడుకు. ఆ రోజుల్లో జుమ్రెత ఇలా ఉండేది కాదు. తలకి గుడ్డ లేకుండా మెట్ల మీద నిలబడి, మంచులోకి నీళ్ళు విసిరి, పెద్దగా నవ్వేది. ఆ ఇంట్లో నాకు నచ్చిన మనిషి తనొక్కతే. బావగారు గొర్రెలు అమ్మడానికి వెళ్ళి ఊళ్ళో లేడు. విపరీతమైన చలి. కట్టె పొదుపని అత్తగారు మమ్మల్నందరినీ ఒకే గదిలో పడుకోబెట్టింది. తెల్లవారుజామున జుమ్రెత పాలు పితకడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి సాఫెత్ ఊయల్లో పోయి ఉన్నాడు. గది తలుపు ఓరగా తెరిచి ఉంది.

"తలుపు తెరిచి పోయావు. గాలి నీ బిడ్డని ఎత్తుకుపోయింది" అంది మా అత్తగారు. పరామర్శకొచ్చిన ప్రతి ఆడమనిషికీ కాఫీ పోస్తూ అదే చెప్పింది. తల్లి తలుపు తెరిచి పోయింది, ఏం చేస్తాం, వయసు చిన్నది. వాళ్ళు చక్కెర ముక్క చప్పరించి తలలూపారు. జుమ్రెత ఆ కాఫీ కప్పులే కడిగింది. ఆ తర్వాత తనెప్పుడూ ఏ తలుపూ తెరిచి ఉంచలేదు.

అదంతా నాకు తెలుసు. జాలి కూడా ఉంది. కానీ జాలి ఎంతకాలం ఉంటుంది? బస్సులో వాంతి చేసుకుంటే, పెళ్ళి హాల్లో ఊపిరాడక ఎవరో పడిపోతే, జున్ను గదిలో బూజు పడితే, ఎక్కడో ఒకచోట జాలి అయిపోతుంది. నాది ఎప్పుడో అయిపోయింది.

జనవరిలో ఎదిబ్ భార్య అల్దినా ఆడపిల్లని కన్నది. నూరా అని పేరు పెట్టారు. బాలింతనీ బిడ్డనీ నలభై రోజులు గడప దాటనివ్వరు మా వాళ్ళు. మంచిదే, దాటమన్నా ఎవరు దాటుతారు ఆ చలిలో? పొయ్యి ఉన్న గదిలోనే మంచం వేశారు. జుమ్రెత ఆ గదిని గూడు కట్టినట్టు కట్టింది. తలుపు కింద దుప్పటి చుట్ట, కిటికీ అంచులకి టేపు, తాళం కన్నంలో దూది. అల్దినా నడుముకి ఉన్ని శాలువా, తలకి రెండు గుడ్డలు. మంచి పిల్ల, ఎదురు చెప్పదు. చెమటలు కక్కుతూ పడుకుని ఉండేది. నేను వెళ్ళినప్పుడల్లా, "చిన్నత్తయ్యా, ఒక్క నిమిషం ఆ తలుపు అలా తెరిచి ఉంచరా" అని గుసగుసగా అడిగేది. జైల్లో ఖైదీ సిగరెట్ అడిగినట్టు అడిగేది.

నేను రోజూ గొట్టం చూసేదాన్ని. రోజూ ఏదో ఒకటి లాగి పారేసేదాన్ని. ఎదిబ్‌ని మెడ పట్టుకుని అడిగాను.

"నీ కూతురు పడుకునే గదిరా అది. మీ అమ్మకి చెప్పు."

"చెప్పాను పిన్నీ. ఏడుస్తుంది. ఏం చెయ్యను?"

"ఏడవనీ."

"నువ్వు చెప్పినంత తేలిక కాదులే."

వాడి మొహం మీద ఉమ్మేయాలనిపించింది. బిడ్డని కన్నాడు గానీ, తల్లి ఏడుపు భరించలేడు.

బాలింతని చూడటానికి ఆడవాళ్ళు వచ్చే రోజు. మధ్యాహ్నానికి వస్తారు. నేను పొద్దున్నుంచీ పిట చేసే పనిలో ఉండి గొట్టం సంగతి చూడలేదు. పళ్ళెం పట్టుకుని పెద్ద ఇంటికి వెళ్ళేసరికి జుమ్రెత వంటింట్లో పిండి ముద్దలు నూనెలో వేయిస్తోంది. నూనె వాసన చుట్టాలకి తగలకూడదని, ఎదిబ్ కొత్తగా బిగించిన పంకా స్టవ్ మీద గిర్రున తిరుగుతోంది. ఇంట్లో ఉన్న గాలినంతా అది బయటికి లాగేస్తోంది. లోపలికి రావడానికి ఎక్కడా ఒక్క సందు లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. జుమ్రెత తలకి తడిగుడ్డ బిగించి కట్టుకుని ఉంది, మొహం కందిపోయింది.

"తల పగిలిపోతోందే. ఎవరో ఎక్కడో తలుపు తీసి ఉంచారు" అంది.

నేను బాలింత గది తలుపు తోశాను. పుల్లటి వాసన. పొయ్యి అద్దం పూర్తిగా నలుపు. గిన్నెలో గుళికలు కుప్పగా పడి మంట లేకుండా రాజుకుంటున్నాయి. పైకి పోవాల్సిన పొగ సన్నగా వెనక్కి గదిలోకే వస్తోంది. అల్దినా మంచం పక్కన వాంతి చేసుకుని, దాని మీదే చెయ్యి వేలాడేసుకుని పడి ఉంది. పిలిస్తే కళ్ళు తెరిచింది, మళ్ళీ మూసేసింది. పాపని ఎత్తాను. తల నిలవలేదు. పసిపిల్ల తల ఎలాగూ నిలవదు, కానీ చేతులూ కాళ్ళూ కూడా వేలాడాయి.

పళ్ళెం ఎక్కడ పడేశానో తెలియదు. కిటికీ టేపుతో సహా లాగి తెరిచాను. వంటింటి తలుపు, వీధి తలుపు తన్ని తెరిచాను. చలి గోడలా లోపలికి వచ్చింది. అప్పుడు జుమ్రెత నా మీద పడింది.

"ముయ్యవే! ముయ్యి! చంపేస్తావు పసిగుడ్డుని!"

"వదులు!"

"తలుపు ముయ్యవే రాక్షసీ! నా బిడ్డని చంపకే!"

నా జుట్టు పట్టుకుంది. ఒక చేత్తో కిటికీ రెక్క మూసేస్తోంది, ఇంకో చేత్తో పాపని లాగుతోంది. ముప్పై ఏళ్ళుగా నాలో పేరుకున్న కసి అంతా నా మోచేతిలోకి వచ్చింది. ఒక్క తోపు తోశాను. గుళికల బస్తాల మీద వెల్లకిలా పడింది. నేను పాపని స్వెట్టర్ లోపలికి దూర్చుకుని మెట్ల మీదికి పరిగెత్తాను. ఊపిరి తీస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే గాలి. దాని వీపు నిమిరాను, పాదాలు గిల్లాను, మొహాన ఊదాను. అది ఏడవలేదు. మళ్ళీ గిల్లాను, గోరు దిగేలా. అప్పుడు ఏడ్చింది. పిల్లికూత లాంటి ఏడుపు.

కొట్టంలోంచి మా బావగారు వచ్చాడు. నా చేతిలో బిడ్డ, లోపల కోడలు నేల మీద పాకుతోంది, పెళ్ళాం బస్తాల మీద లేవలేక కొట్టుకుంటోంది. ఆ మహానుభావుడు మెట్లెక్కి మొట్టమొదట చేసిన పని, నా వెనక తలుపు మూయడం.

"బార్లా తెరిచిపెట్టారేంటి, ఇల్లంతా చల్లారిపోతుంది" అన్నాడు.

ఆస్పత్రిలో తల్లీబిడ్డలకి ఆక్సిజన్ పెట్టారు. జుమ్రెతకి కూడా కాసేపు పెట్టారు. చిన్న వయసు డాక్టరమ్మ, మొహం అలిసిపోయి ఉంది. ప్రతి చలికాలం ఇలాంటివి చూస్తున్నదని ఆ అలసటలోనే తెలుస్తోంది.

"పొయ్యి పొగ. దాంట్లో రంగూ వాసనా లేని విషం ఉంటుంది. తలనొప్పి, వాంతి, నిద్ర. నిద్రలోనే పోతారు. మంటకి గాలి అందక ఇలా అవుతుంది" అంది.

మా బావగారు టోపీ చేతిలో నలుపుతూ, "డాక్టరమ్మా, చలిగాలి కూడా తగిలిందండీ పాపకి. మా మరదలు తలుపులన్నీ తీసేసింది" అన్నాడు.

"తీసింది కాబట్టే బతికింది" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆవిడ అటు మళ్ళగానే బావగారు గొంతు తగ్గించి, "చదువుకున్నోళ్ళకి చలేం తెలుసు" అన్నాడు. ఎదిబ్ ఫోన్ ఆగకుండా మోగుతోంది. చుట్టాలు. "ప్రొమాయా తగిలిందంట కదా, బాలింత గదిలో కిటికీ తెరిచారంట కదా." ఎదిబ్ కాదనలేదు. "అవునత్తా, ఏం చేస్తాం" అంటున్నాడు. ఆ "ఏం చేస్తాం" నేనెక్కడో విన్నాను. కాఫీ కప్పుల మధ్య విన్నాను. నా ఒళ్ళు మండిపోయింది.

బెంచీ మీద ముడుచుకుని కూర్చున్న జుమ్రెత ముందుకెళ్ళి నిలబడ్డాను. ఆ కారిడార్‌లో అందరూ వినేలా అరిచాను.

"వచ్చేముందు గొట్టం చూశాను. పాప పొత్తిగుడ్డ కుక్కావు దాంట్లో. రెండు మడతలు వేసి. గాలి ఎవర్నీ చంపలేదక్కా, నీ గుడ్డ చంపబోయింది! ఇన్నేళ్ళుగా చెప్తున్నా, గాలి మనుషుల్ని చంపదు!"

ఎదిబ్ ఫోన్ దించాడు. నర్సు తల బయటపెట్టి చూసింది. జుమ్రెత తిరగబడుతుందని చూశాను. తిరగబడలేదు. చిన్నగా అడిగింది.

"గాలి కాదా?"

"కాదు."

"ఎప్పుడూ కాదా?"

నాకు అప్పటికీ అర్థం కాలేదు. "ఎప్పుడూ కాదు" అన్నాను.

"తలనొప్పి వస్తుందంట కదా, ఆ డాక్టరమ్మ చెప్పింది. వాంతి వస్తుందంట."

"నీకూ వచ్చిందిగా పొద్దున."

"సాఫెత్ పోయిన రోజు నీకు వచ్చింది" అంది. "తల గోడకేసి కొట్టుకున్నావు. కొత్తకోడలివి, నిన్నెవరూ పట్టించుకోలేదు. అత్తమ్మ వాకిట్లో కక్కింది. అందరికీ గాలి తగిలిందంది."

నేను మర్చిపోయాను. ఒక బిడ్డ పోయిన రోజు నా తలనొప్పి నాకెందుకు గుర్తుంటుంది? తను చెప్పగానే ఆ పోటు మళ్ళీ కణతల్లో కొట్టింది.

"ఆ రాత్రి పొగగొట్టం మూత అత్తమ్మ మూసేసింది" అంది జుమ్రెత. "నిప్పు తెల్లారేదాకా ఉండాలని. కిటికీలకి కాగితం నేనే అంటించాను, ఒక్క సందు లేకుండా. నేను అంటిస్తే ఊడదు."

నేను ఆవిడ పక్కన కూర్చుండిపోయాను. మూత మూసిన పొయ్యి, కాగితం అంటించిన కిటికీలు, ఐదుగురు మనుషులు, ఒక ఊయల. తెల్లవారుజామున ఒక ఆడది పాలు పితకడానికి లేచి తలుపు తెరిచింది. అంతే. లేకపోతే అందరం పోయేవాళ్ళం. ఆ ఇంట్లో ఆ పొద్దున జరిగిన ఒకే ఒక్క మంచిపని అది. దాన్నే పాపంగా చేసి, చక్కెర ముక్కలతో కలిపి ఊరంతటికీ పంచింది మా అత్తగారు. ముప్పై ఏళ్ళు ఆ పాపాన్ని మోస్తూ ఈ మనిషి దేశంలో ఉన్న కిటికీలన్నీ మూసుకుంటూ తిరిగింది. నేను ఆవిడని చూసి ముక్కు మూసుకున్నాను. నా పంతం నెగ్గింది. ఆ నెగ్గడం నోట్లో పాచిలా ఉంది.

"అక్కా, విను" అన్నాను. "నువ్వు చంపలేదు. నువ్వు తలుపు తియ్యబట్టే నేను బతికాను. మా ఆయన బతికాడు. ఆ ముసలాళ్ళిద్దరూ బతికారు. నీ తప్పేం లేదు, అప్పుడూ లేదు. వింటున్నావా? ఆ తలుపే మమ్మల్ని బతికించింది."

ఆ మాటతో తనకి బరువు దిగుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను, నా భుజం మీద పడుతుందనుకున్నాను. జుమ్రెత ఏడవలేదు. కళ్ళు చిట్లించి, ఎక్కడో దూరంగా ఉన్నదాన్ని పోల్చుకుంటున్నట్టు చూసింది.

"మీరు తలుపు దగ్గర పడుకున్నారు" అంది. "వాడి ఊయల లోపలి మూల ఉండేది. గాలి తగలకూడదని నేనే జరిపాను."

"అక్కా."

"రెండు చేతుల్లో రెండు బకెట్లున్నాయి. కాలితో తలుపు దగ్గరికి లాగాను. పూర్తిగా పడలేదు. ఓరగా ఉండిపోయింది. మీకు చలేస్తుందని లాగాను హస్నియా." నా వైపు తిరిగింది. "లాగకుండా వదిలేసి ఉంటే?"

నర్సు వచ్చి పాప పాలు తాగుతోందని చెప్పింది. ఎదిబ్ పరిగెత్తాడు, మా బావగారు దేవుడికి దండం పెట్టుకుంటూ వాడి వెనక వెళ్ళాడు. జుమ్రెత తల ఊపింది, విన్నట్టే ఉంది. కానీ లేవలేదు. నా చెయ్యి పట్టుకుని మళ్ళీ అదే అడిగింది.